శుద్ధ కలంకారీ అనే కట్టుకథ

హస్తకళల ప్రదర్శనలో కలంకారీ దుకాణం ముందు కాసేపు నిలబడితే ఒక మాట తప్పకుండా చెవిన పడుతుంది. చేత్తో బొమ్మలు వేసిన శ్రీకాళహస్తి చీర విప్పి "ఇదండీ అసలైనది, మన గుడి కళ" అంటారు. పక్కనున్న, మచిలీపట్నం దగ్గరి పెడనలో వేసిన దుప్పటి వైపు చెయ్యి ఊపి "అది మచిలీపట్నం రకం, పర్షియా డిజైన్లు, అచ్చు పని" అని తేల్చేస్తారు. అమ్మేవాళ్ళను అని లాభం లేదు. పర్యాటక కరపత్రాలు, ఆదివారం అనుబంధాలు, పోటీ పరీక్షల గైడ్లు అన్నీ ఈ పాఠమే చెబుతున్నాయి. కలంకారీ రెండు పాయలట. ఒకటి దేవుడిది, రెండోది వర్తకుడిది. ఒకటి ఇక్కడే పుట్టింది, రెండోది ఓడెక్కి వచ్చింది. ఈమధ్య ఈ వాదానికి కొత్త పదును కూడా వచ్చింది. మచిలీపట్నం అద్దకంలో కనబడే సైప్రస్ చెట్టు, కోసుగా లేచే తోరణం 'మనవి కావు' గనక వాటిని మాన్పించి 'మన' బొమ్మలు వేయించాలని సలహా ఇచ్చే పెద్దలు తయారయ్యారు.

ఈ అభిప్రాయం చరిత్రకు నిలవదు. దానికన్నా నాకు కోపం తెప్పించేది వేరే ఉంది. గుడ్డ మీద బొమ్మ వేసిన మనిషిని ఇది పూర్తిగా లెక్కలోంచి తీసేస్తుంది. శ్రీకాళహస్తి బొమ్మకు కర్త సంప్రదాయం, మచిలీపట్నం బొమ్మకు కర్త పర్షియా. మరి ఎండలో, కాలవ నీళ్ళలో, పొయ్యిల పొగలో నిలబడి పనిచేసిన తెలుగువాడు ఎక్కడ?

ముందు ఈ వాదపు కోట ఎక్కడుందో అక్కడికే పోదాం. శ్రీకాళహస్తి శైలికి మూలం అడిగితే చాలామంది లేపాక్షిని చూపిస్తారు. పెద్ద కళ్ళు, పక్కకు తిరిగిన ముఖాలు, గళ్ళుగా విడగొట్టి వరస పేర్చిన కథ, ఖాళీ వదలని నేల. పోలిక నిజమే, నాకు అభ్యంతరం లేదు. అచ్యుతదేవరాయల కాలంలో, 16వ శతాబ్దంలో, విరూపణ్ణ కట్టించిన ఆ వీరభద్రాలయపు కప్పు కింద మెడ నొప్పెట్టేదాకా నిలబడి చూడవలసిందే. అయితే చూసేటప్పుడు మగవాళ్ళ తలల వైపు కూడా చూడండి. కోసుగా నిలువెత్తు లేచిన టోపీలు కనబడతాయి. అవి కుళ్ళాయిలు. అరబ్బు, పారశీక, తురుష్క కొలువుల వేషం విజయనగరానికి వచ్చి, అక్కడ రాజమర్యాదగా స్థిరపడింది. కర్ణాట రాజధానికి వెళ్ళి కుళ్ళాయి పెట్టుకోవలసి వచ్చిందని శ్రీనాథుడు వాపోయినట్టు ఒక చాటువు తెలుగువాళ్ళందరికీ తెలుసు. అంతెందుకు, తిరుమల గుడిలో ఇద్దరు దేవేరుల నడుమ చేతులు జోడించి నిలబడ్డ కృష్ణదేవరాయల కంచు విగ్రహం నెత్తిన ఉన్నది ఏమిటి? ఆ వేషం దక్కన్ సుల్తానుల కొలువులతో పంచుకున్న వేషమని చరిత్రకారుడు ఫిలిప్ వాగొనర్ 1996లోనే ఒక వ్యాసంలో విడమరిచి చెప్పాడు. వేంకటేశ్వరుడి ముందు అది మైల అని రాయలకు తోచలేదు. ఐదు వందల ఏళ్ళ తరవాత మనకు తోస్తోంది.

సాహిత్యంలో ఈ మడి కట్టుకోవడం మనం ఎప్పుడో మానేశాం. గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షాను మన కవులు మల్కిభరాముడన్నారు. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. ఇంకా తమాషా ఏమిటంటే, సంస్కృతం సోకకుండా అచ్చ తెనుగులో వచ్చిన మొట్టమొదటి కావ్యంగా చెప్పుకునే పొన్నికంటి తెలగన్న యయాతి చరిత్ర అంకితమైంది అమీన్‌ఖానుకు, అదే గోల్కొండ కొలువు సర్దారుకు. భాషలో శుద్ధి కోసం పట్టుబట్టిన కవికి కూడా కృతిభర్త పేరు అడ్డం రాలేదు. ఈ కావ్యాన్ని ఎవరూ 'పర్షియా రకం' అనరు. మరి అదే రాజ్యంలో, తరవాతి తరాల్లో, అదే రకం పోషణలో తయారైన గుడ్డను మాత్రం పరాయిదంటాం. కవికి ఒక న్యాయం, అద్దకంవాడికి ఒక న్యాయం. కవి పేరు మనకు తెలుసు, అద్దకంవాడి పేరు తెలియదు. తేడా అక్కడే ఉందని నా అనుమానం.

ఇప్పుడు మచిలీపట్నం. గోల్కొండకు సముద్రద్వారం అది. 17వ శతాబ్దం మొదట్లోనే డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు అక్కడ గిడ్డంగులు పెట్టారు. వాళ్ళు రాకముందు నుంచే ఇరాన్ వర్తకులున్నారు. ఆర్మేనియన్లు వచ్చారు. అరకాన్, సయాం, అచే రేవులకు ఓడలు పోయేవి. అలాంటి ఊళ్ళో రంగు గుడ్డ వేసేవాడు ఏం చూసి ఉంటాడు? రోజూ కళ్ళ ముందు తిరిగేదే చూశాడు.

చూసింది వేశాడు కూడా. న్యూయార్క్ బ్రూక్లిన్ మ్యూజియంలో ఏడు భాగాల నూలు గుడ్డ ఒకటి ఉంది. 1610-1640 మధ్య కోరమాండల్ తీరంలో తయారైనదని నిపుణుల అంచనా. ఒక్కో భాగంలో ఒక్కో జనం. ఒకచోట మన దేశపు రాజకొలువు, ఒకచోట పారశీక వేషాలు, ఒకచోట టోపీలు పెట్టుకున్న యూరోపియన్లు, ఇంకోచోట ఆగ్నేయాసియా మనుషులు. గీసినవాడు ఎవరినీ దయ్యంగానూ వెయ్యలేదు, దేవుడిగానూ వెయ్యలేదు. వింతమనుషులను వింతగానే, కాని పక్కింటివాళ్ళను చూసినంత నిదానంగా చూశాడు. ఆ గుడ్డను పర్షియా ప్రభావం అన్న రెండు మాటలతో కొట్టిపారేసేవాళ్ళు ఒకసారి ఆలోచించాలి. ఇస్ఫహాన్‌లో కూర్చున్న చిత్రకారుడికి ఈ ఏడు రకాల జనాన్ని ఒకే గోడకు వేలాడదీసే ఆలోచన రావలసిన అవసరమే లేదు. రేవుపట్నపు మనిషికే అది రావాలి. మిశ్రమ వారసత్వాన్ని బొమ్మలో చెప్పడమంటే ఇదే. 'నేను రెండు సంస్కృతుల బిడ్డను' అని బొమ్మ కింద ప్రకటన రాసుకోవడం మన కాలపు అలవాటు. అతను రాసుకోలేదు, ఊరిని గుడ్డకెక్కించాడు.

దీనికొక జవాబు సిద్ధంగా ఉంటుంది. "అది సృజన ఎందుకవుతుంది? కొనేవాడు అడిగాడు, వీళ్ళు చేసిచ్చారు. గిరాకీ పని." విద్యావంతులు కూడా ఇష్టంగా చెప్పే వాదం ఇది కాబట్టి దీని దగ్గర కాస్త ఆగుదాం.

అడిగి చేయించుకోవడమే దోషమైతే శ్రీకాళహస్తి ముందు ఓడిపోతుంది. గుడికి తెర కావాలంటే గుడివాళ్ళు అడిగారు. ఎంత పొడవు, ఏ కథ, నడుమ ఏ దేవుడు, ఇవన్నీ చేయించుకునేవాళ్ళు చెప్పినవే. ఆలయం కొంటే భక్తి, ఓడవర్తకుడు కొంటే బేరమా? కూలి రెండుచోట్లా కూలే.

అడిగినవాడికి తానేమి అడుగుతున్నాడో పూర్తిగా తెలుసా అన్నది మరో సంగతి. 1643లో లండన్ నుంచి ఈస్టిండియా కంపెనీ దొరలు సూరత్‌లోని తమ గుమాస్తాలకు ఒక ఉత్తరం రాశారు. ముదురెరుపు నేల ఉన్న పరుపు దుప్పట్లు అందరికీ నచ్చడం లేదు, తెల్ల నేల ఎక్కువ ఉండేట్టు చూడండి, కొమ్మలూ పూలూ నడుమ రావాలి, మిగతాది వేసేవాడి ఇష్టం అన్నది దాని సారాంశం. ఉత్తరం వెళ్ళింది పశ్చిమ తీరానికి, మన తీరానికి కాదు. అయినా ఈ బేరం ఎలా నడిచిందో అందులో తెలిసిపోతుంది. నేల రంగు కొనేవాడు చెప్పాడు, కొమ్మ ఎటు వంగాలో వేసేవాడికి వదిలేశాడు.

ఆ వదిలేసిన చోటే 'జీవవృక్షం' పుట్టింది. మన తీరపు పెద్ద దుప్పట్ల నడుమ వంకీలు తిరుగుతూ లేచే చెట్టు అది. జాన్ ఇర్విన్, కాథరిన్ బ్రెట్ అనే పరిశోధకులు 1970లో దీని పుట్టుక వెదికి, పర్షియా, చైనా, ఇంగ్లండ్ అభిరుచులు ముడిపడి తయారైన సంకర జాతి అని తేల్చారు. అడుగున రాళ్ళగుట్ట చైనా వాటం. కాండం తిరగడంలో ఒకరి పోలిక, ఆకు విచ్చుకోవడంలో ఇంకొకరి పోలిక. ఒకే చెట్టుకు దానిమ్మా, తామరా, ఏ దేశపు తోటలోనూ పుయ్యని పూలూ కలిసి పూస్తాయి. ఈ చెట్టును విడదీసి ఎవరి కొమ్మ వాళ్ళకు ఇచ్చేద్దామని చూస్తే చేతిలో ఆకులు మిగులుతాయి, చెట్టు మిగలదు. దీన్ని ఎవరి దగ్గర్నుంచో ఎత్తుకొచ్చారని అనడానికి ఇలాంటి చెట్టు ఇంకెక్కడా ముందు లేదే!

ఎత్తుకురావడం సాధ్యమే కాదని పని తీరు తెలిస్తే అర్థమవుతుంది. కాగితం మీద బొమ్మ వేసేవాడికి ఎరుపు కావాలంటే ఎర్ర రంగు పూస్తాడు. గుడ్డ మీద అలా కుదరదు. ముందు నూలు గుడ్డను పేడనీళ్ళలో నానబెట్టి, ఉతికి, కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్ళు పట్టించి ఆరబెట్టాలి. పాలు ఎందుకంటే గీత పాకకుండా. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం, నీళ్ళు కుండలో రోజుల తరబడి పులిస్తే వచ్చిన ద్రావణంతో గీత గీస్తే, కరక్కాయ తగిలి నల్లబడుతుంది. ఎరుపు రావలసిన చోట పూసేది పటిక నీళ్ళు. ఆ పూత కంటికి దాదాపు ఆనదు. ఆ తరవాత చిరివేరుతో ఉడకబెడితే పటిక పడ్డ చోట మాత్రమే ఎరుపు నిలుస్తుంది, తక్కినచోట ఉతుకులో పోతుంది. నీలం కావాలంటే నీలం పడకూడని చోటంతా మైనం కప్పి నీలిమందులో ముంచాలి. అంటే ఇస్ఫహాన్ చిత్రంలోని ఒక అమ్మాయిని గుడ్డ మీదికి తేవాలంటే, ఆమెను రంగురంగుగా విడగొట్టి, ఏది ముందు ఏది వెనక అని మనసులో వరస కట్టుకుని, ఇంకా కనబడని ఎరుపును కనబడని పటికతో గియ్యాలి. దీన్ని నకలు కొట్టడం అనేవాళ్ళు ఒకసారి జేబురుమాలంత గుడ్డ మీద ప్రయత్నించి చూడొచ్చు.

మెట్రోపాలిటన్ మ్యూజియంలో 1640-50 నాటి గోల్కొండ రుమాళ్ళు, వేలాడదీసే గుడ్డలు ఉన్నాయి. తోటల్లో కూర్చున్న జంటలు, పాత్రలందించే పరిచారికలు, వేటలు. ముఖాలలో, తలపాగాల్లో ఇరాన్ పోలిక దాచేదేమీ లేదు. కాని నేల చూడండి. ఇంత జాగా కూడా వదలకుండా పూలతో, మృగాలతో కిక్కిరిసిన నేల. లేపాక్షి కప్పుకు ఉన్న జబ్బే ఇది, ఖాళీని భరించలేకపోవడం. రెండు పాయలని గీత గీసినవాళ్ళు ఈ చుట్టరికం ఎందుకు చూడరో తెలియదు.

ఇక ఎరుపు. చిరివేరు ఈ తీరపు ఇసక నేలల మొక్క. గుల్లసున్నం కలిసిన ఆ నేలల్లో పండిన వేరు ఇచ్చే ఎరుపు మరెక్కడా రాదని నాటి వర్తకులకు తెలుసు. పెటపోలి, అంటే నేటి నిజాంపట్నం, ఆ ఎరుపుకు పేరుపడ్డ ఊరు. డిజైను బయటిది గనక గుడ్డ బయటిదే అన్న వాదం నిజమైతే యూరప్ ఆ డిజైన్లు తన మగ్గాల దగ్గరే వేసుకునేది. వేసుకోలేకపోయింది. ఉతికినా పోని రంగు వాళ్ళకు చేతకాలేదు. చివరికి 1686లో ఫ్రాన్స్ ఈ గుడ్డల్ని నిషేధించింది, 1759 దాకా నిషేధం ఎత్తలేదు. ఇంగ్లండ్ 1700లో ఒక చట్టం, 1721లో ఇంకా గట్టిది ఒకటి చేసింది. 1742లో కూర్దూ అనే ఫ్రెంచి పాదిరీ, తెలుగు నేర్చి నిఘంటువు కూడా కూర్చినవాడు, అద్దకం పనివాళ్ళ దగ్గర రహస్యం అడిగి తెలుసుకుని మెట్టుమెట్టుగా ఉత్తరంలో రాసి పంపాడు. తమ సరుకును తామే నిషేధించుకుని, తమ సరుకు గుట్టు తెలుసుకోవడానికి తామే ఆరా తీసేవాళ్ళు ఎక్కడైనా ఉంటారా?

కొన్న దేశాలన్నీ కూడా దీన్ని కొనేసి ఊరుకోలేదు. జపాన్‌లో తేనీటి మర్యాదకు సంబంధించిన వస్తువులు చుట్టడానికి ఈ తీరపు ముక్కలు అపురూపమయ్యాయి. సులవేసి దీవిలో తోరాజా జనం మన దేశపు రంగు గుడ్డల్ని వంశపారంపర్యంగా పవిత్ర వస్తువుల్లా దాచుకున్నారు. ఇస్ఫహాన్‌లో ఇవాళ్టికీ అచ్చులతో కలంకార్ గుడ్డలు వేస్తున్నారు. ఎవరి ప్రభావం ఎవరి మీద అని లెక్క తీద్దామన్న పంతులుగారికి పలకలు చాలవు.

అచ్చు సంగతి. "అది అచ్చు పని" అనడంలో ఒక చిన్నచూపు ఉంది. శ్రీకాళహస్తి పనికి శ్రమ ఎక్కువ, ధర ఎక్కువ, ఒప్పుకుంటాను. చింతపుల్లల బొగ్గుతో బొమ్మ గీసుకుని, వెదురు పుల్లకు గుడ్డ పీలిక చుట్టిన కలాన్ని వేళ్ళతో నొక్కుతూ రోజుల తరబడి గీసే పని ముందు ఎవరైనా తల వంచవలసిందే. కాని కలం ఒకరి సొత్తు, అచ్చు మరొకరి సొత్తు అన్నది పాత విభజన కాదు. 17వ శతాబ్దంలో ఈ తీరం నుంచి పోయిన గొప్ప గుడ్డలు కలంతోనే వేసినవి. అచ్చు జోరు తరవాత పెరిగింది. ఆ అచ్చుకు కూడా టేకు చెక్క మీద గీత చెక్కేవాడు ఉన్నాడు. రంగుకొక అచ్చు, ఒకదాని మీద ఒకటి వెంట్రుకవాసి తప్పకుండా కూర్చోవాలి. పెడనలో అచ్చు కొట్టే చేతిని దగ్గరగా చూసినవారెవరూ దాన్ని యంత్రంతో పోల్చరు.

శ్రీకాళహస్తి తనంత తానుగా కాలం ముట్టని సంప్రదాయమని నమ్మేవాళ్ళకు ఇంకొక్కటి గుర్తుచెయ్యాలి. 1950ల నాటికి ఆ పని దాదాపు ఆరిపోయింది. కమలాదేవి చట్టోపాధ్యాయ వంటివారి పట్టుదల, ప్రభుత్వ శిక్షణ కేంద్రం కలిసి దాన్ని మళ్ళీ నిలబెట్టాయి. ఆ తరవాత అక్కడి కళాకారులు రామాయణ భారతాలతో పాటు బుద్ధుడి కథ వేశారు, క్రీస్తు కథ వేశారు. ఈ పని చేసినందుకు వాళ్ళను ఎవరూ వెలివెయ్యలేదు. వాళ్ళూ తమ కళ పాడైందనుకోలేదు.

పొరపాటున నన్ను ఇంకో గుంపులో చేర్చవద్దు. గోల్కొండ పేరెత్తగానే గంగాజమునా సంగమం, మతసామరస్యం అని కళ్ళు చెమర్చుకునే బృందం ఒకటుంది. వాళ్ళ చేతిలోనూ ఈ గుడ్డ అన్యాయమే అయింది. రేవుల్లో మనుషులు ప్రేమతో కలవలేదు, చాలాసార్లు అప్పుతో కలిశారు. కంపెనీ బయానాలు తీసుకున్న నేతగాళ్ళూ, అద్దకంవాళ్ళూ ఆ అప్పుల్లోంచి బయటపడలేక నలిగిపోయారు. పైన చెప్పిన చెట్టు కొమ్మలు కొన్ని అలాంటివాళ్ళ పెరళ్ళలోనే గీసినవి. ఇరాన్ బేరం 20వ శతాబ్దంలో పడిపోయాక ఆ ఊళ్ళలో ఎన్ని పొయ్యిలు ఆరిపోయాయో సామరస్యపు ఉపన్యాసాల్లో వినబడదు. మిశ్రమం మధురంగా ఉంటుందని నా వాదం కాదు. కలిసినదాన్ని విడదీసి ఒక సగాన్ని పారెయ్యడం కుదరదన్నదే నా వాదం.

ఇవాళ శుద్ధివాదం చేస్తున్న హాని ఎక్కడో పుస్తకాల్లో లేదు. పెడన చుట్టుపక్కల పనివాడికి అసలు పోటీ స్క్రీన్ ప్రింటింగుతో. రసాయన రంగుతో గంటల్లో తయారై, కలంకారీ పేరుతో అమ్ముడయ్యే పాలియెస్టర్ చీర అతని నోటిదగ్గర కూడు తీస్తోంది. ఆ చీర మీద గణపతో, నెమలో ఉంటే మన శుద్ధివాదికి ఏ ఇబ్బందీ కలగదు, బొమ్మ 'మనదే' కదా! చిరివేరో మంజిష్ఠో పోసి ఉడకబెట్టి, పారే నీళ్ళలో ఉతికి ఆరేసిన సైప్రస్ చెట్టు మాత్రం కల్తీ. ఇంతకంటే తలకిందులైన రుచి ఉంటుందా?

మరోవైపు కాళహస్తి యువకులు చీరలకూ దుపట్టాలకూ పెడన చెట్టును కలంతో గీస్తున్నారు. దానికీ కొందరు ముఖం చిట్లిస్తున్నారు. శ్రీకాళహస్తి, మచిలీపట్నం పనులకు వేర్వేరుగా భౌగోళిక గుర్తింపు ఉంది, మంచిదే, ఏ పని ఎక్కడ ఎలా చేస్తారో అది కాపాడాలి. కాని ఆ గుర్తింపు పని తీరుకు కట్టిన కంచె. కొమ్మకూ చిలకకూ కంచె కట్టే హక్కు దానికి లేదు. హైదరాబాద్‌లో పుట్టి వడోదరలో స్థిరపడ్డ లావణ్య మణి ఇదే కలంకారీ పద్ధతిని చేపట్టి, ఓడలు, వలస వర్తకం, యాత్రికుల కథలు గుడ్డల మీదికి తెస్తోంది. ఆమెను ఏ పాయలో కలుపుతారు? కలపలేరు. పాయలు రెండే ఉన్నాయన్న లెక్క తప్పు గనక.

కాబట్టి ఈసారి దుకాణంలో "ఇది ప్యూర్ అండీ" అన్నప్పుడు బొమ్మ ఏ దేశానిదని అడగడం మానండి. గుడ్డకు కరక్కాయ పట్టించారా, ఎరుపు దేనితో వచ్చింది, నలుపు ఇనుముతో చేసిందేనా, ఎన్నిసార్లు ఉడికింది, ఎవరు వేశారు అని అడగండి. జవాబు చెప్పలేకపోతే, రాముడి పట్టాభిషేకమైనా సరే, అక్కడే వదిలేసి రండి.